తంగేడు చెక్క నుంచి తొలి కుట్టు దాకా: తోలు పనిపై అవగాహన

పోటీ పరీక్షలకు చదివేవారికి ఒక బాధ ఉంటుంది. పొద్దంతా పుస్తకం ముందు కూర్చున్నాక కళ్లు అలసిపోతాయి, బుర్ర బరువెక్కుతుంది, చేతులు మాత్రం ఏ పనీ లేక ఊరికే ఉంటాయి. నాకు ఆ చేతులకు పని తోలు దగ్గర దొరికింది. నాలుగు కార్డులు పట్టే చిన్న పర్సు కుట్టుకుందామని మొదలుపెట్టాను. ఈ ముక్క ఎందుకు కుళ్లిపోలేదు? దీనికి ఈ గోధుమరంగు ఎక్కడిది? స్టీలు స్కేలు ఆనిన చోట నల్లమచ్చ ఎందుకు పడింది? దీన్ని మొదట పదును చేసినవాళ్లు ఎవరు, వాళ్లను ఊరు ఎక్కడ ఉంచింది? ఒక్కో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే రసాయనశాస్త్రం, పర్యావరణ తీర్పులు, భౌగోళిక గుర్తింపులు, రాజ్యాంగం 17వ అధికరణం, జాషువ, నాయుడమ్మ అందరూ ఆ అరచేతి ముక్క దగ్గరే ఎదురుపడ్డారు. కొత్తగా తోలు పట్టేవారికీ గ్రూప్స్ రాసేవారికీ పనికొచ్చేలా ఆ సంగతులు చెబుతాను.

చర్మం ఎప్పుడు తోలవుతుంది?

పశువు చర్మంలో పైన పలుచని బాహ్యచర్మం, మధ్యలో మందమైన అంతశ్చర్మం, అడుగున కొవ్వు, మాంసం అంటుకున్న పొర ఉంటాయి. సున్నంలో నానబెట్టినప్పుడు వెంట్రుకలతో పాటు పై పొర ఊడిపోతుంది. కత్తితో గీకినప్పుడు అడుగు పొర పోతుంది. మిగిలిన నడిమి పొరే మన చేతికొచ్చే తోలు. దానిలో ప్రధానమైనది కొలాజెన్ అనే ప్రొటీన్. బట్టలో దారాలు పడుగూ పేకగా వరసలో ఉంటాయి కాబట్టి కత్తిరించిన చోట పీచు లేస్తుంది. తోలులో కొలాజెన్ పోగులు ఏ వరసా లేకుండా అన్ని దిక్కులకూ అల్లుకుని ఉంటాయి. అందుకే తోలును కోసిన అంచు కోసినట్టే నిలుస్తుంది, మడిచి కుట్టాల్సిన పని లేదు.

పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్లుతుంది, ఎండితే చెక్కలా బిగుసుకుపోతుంది. ఈ రెండూ జరగకుండా కొలాజెన్ పోగులను మరో పదార్థంతో కట్టిపడేయడమే పదును చేయడం. పరీక్షలో నిర్వచనం అడిగితే ఈ ఒక్క వాక్యం చాలు.

కొలాజెన్ నిర్మాణాన్ని ప్రపంచానికి విప్పి చూపిన ఘనత మద్రాసుకు దక్కింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో నేచర్ పత్రికలో, కొలాజెన్ అణువు మూడు పేటల తాడులా పురి తిరిగి ఉంటుందని ప్రకటించారు. ఆ త్రివళిక నమూనాకు మద్రాస్ హెలిక్స్ అన్న పేరూ ఉంది. వారు పరిశీలించిన కొలాజెన్‌లో కంగారూ తోక స్నాయువు ఒకటి, అది అందిన చోటు అదే నగరంలో ఉన్న కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ. జీవరసాయనశాస్త్రంలో ఇంత పెద్ద ఆవిష్కరణకు తోలు సంస్థ ముడిసరుకు ఇచ్చిందన్న సంగతి జనరల్ సైన్స్ పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

తంగేడు, కరక్కాయ, క్రోమియం

మన ఊళ్లలో తోలు పదును చేసే తొట్టిని లంద అంటారు. తెచ్చిన చర్మాన్ని ముందు నీళ్లలో నానబెట్టి, తర్వాత సున్నపు నీటిలో వేసి, వెంట్రుక వదులయ్యాక గీకి, సున్నం పోయేదాకా కడుగుతారు. ఆపైన తంగేడు చెక్క దంచి నానబెట్టిన ఎర్రటి నీటిలో ఉంచుతారు. చర్మాన్ని తిత్తిలా కుట్టి, లోపల చెక్క నింపి, కొయ్యకు వేలాడదీసి, కషాయం లోపలి నుంచి మెల్లగా ఊరి బయటికి వచ్చేలా చేయడం మరో పద్ధతి. చివర్లో కరక్కాయ నీరు, ఆపైన నూనె. మొత్తం పనికి వారాలు పడుతుంది.

తంగేడు అంటే బతుకమ్మలో పేర్చే పసుపు పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, పాత పుస్తకాల్లో కేషియా ఆరిక్యులేటా అని ఉంటుంది. పువ్వుకు దక్కిన గౌరవంలో చెక్కకూ కొంత దక్కాలని నా కోరిక. ఆ చెక్కలోని టానిన్లే శతాబ్దాల పాటు మన మోట బొక్కెనలకూ కిర్రుచెప్పులకూ ఎద్దుల వార్లకూ ప్రాణం పోశాయి.

టానిన్లు బహుఫినాల్ పదార్థాలు. కొలాజెన్ పోగుల మధ్య చేరి ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలతో వాటిని పట్టి ఉంచుతాయి. ఇవి రెండు రకాలు. కరక్కాయలోవి నీటితో విడిపోయే జలవిశ్లేషణ టానిన్లు. తంగేడు, తుమ్మ, వాటిల్ చెక్కల్లోవి సంఘనిత టానిన్లు. అభ్యర్థులు తరచూ తారుమారు చేసేది ఇక్కడే. కాయ అంటే కరక్కాయ, అది జలవిశ్లేషణ రకం. చెక్క అంటే సంఘనిత రకం. మన ఈ జాబితాకు ఈ గుర్తు సరిపోతుంది. ప్రపంచంలోని చెట్లన్నిటికీ వర్తించే సూత్రం మాత్రం కాదు.

క్రోమియం కథ వేరు. 1858లో జర్మన్ రసాయనవేత్త ఫ్రెడ్రిక్ నాప్ క్రోమియం లవణాలతో పదును సాధ్యమని చూపాడు. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ దీనిపై పేటెంటు తీసుకున్నాక అది పరిశ్రమగా మారింది. నేడు వాడేది క్షార క్రోమియం సల్ఫేట్, అంటే మూడు సంయోజకత ఉన్న క్రోమియం. వారాల పని గంటల్లోకి, రోజుల్లోకి వచ్చింది. పదునైన తోలు లేత నీలంగా ఉంటుంది, అందుకే దానికి వెట్ బ్లూ అని పేరు. పచ్చి చర్మం దాదాపు 60-65 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ముడుచుకుంటుంది. చెట్ల టానిన్లతో పదునైనది 75-85 దాకా ఆగుతుంది. మంచి క్రోమ్ తోలు మరిగే నీటినీ తట్టుకుంటుంది. మెత్తగా, రంగులు బాగా పట్టుకుంటూ, చవగ్గా వస్తుంది కాబట్టి ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం ఇదే.

అయినా కొత్తగా నేర్చుకునేవారు చెట్ల టానిన్ల తోలుతోనే మొదలుపెట్టాలి. తడిపి నొక్కితే నొక్కిన గుర్తు అందులోనే నిలుస్తుంది. అంచు రుద్దితే అద్దంలా మెరుస్తుంది. క్రోమ్ తోలు మీద ఎంత బలంగా ముద్ర కొట్టినా కాసేపట్లో పైకి లేచిపోతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

తోలును చదరపు అడుగుల్లో అమ్ముతారు, మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. విదేశీ పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఔన్సులు వినిపిస్తాయి. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మిల్లీమీటరు. కార్డుల పర్సుకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు బాగుంటుంది. బెల్టుకు 3.2 నుంచి 4 మిల్లీమీటర్లు కావాలి. మందపు తోలుతో పర్సు కుడితే అది జేబులో ఇటుకలా ఉంటుంది. ఆ ఇటుక నా దగ్గర ఇప్పటికీ ఉంది.

పశువు ఒంటి మీద ఏ భాగమో కూడా అడగాలి. వీపు వైపు పోగులు దట్టంగా ఉంటాయి, లాగినా సాగవు, బెల్టుకు అదే తగినది. పొట్ట భాగం వదులుగా ఉంటుంది, సాగుతుంది, చవగ్గా దొరుకుతుంది. అభ్యాసానికి పొట్ట ముక్కలు కొనుక్కోవడంలో తప్పు లేదు. వాటితో బెల్టు కుట్టి నెల తర్వాత తోలును తప్పుపట్టకూడదంతే.

చర్మపు నునుపు వైపు యథాతథంగా ఉంచినది ఫుల్ గ్రెయిన్. పైన సానబట్టి మచ్చలు పోగొట్టినది టాప్ గ్రెయిన్. పై పొర విడదీశాక మిగిలిన అడుగు పొర స్ప్లిట్, దాన్ని నూగుగా చేస్తే స్వేడ్. తోలు పొడినీ తుక్కునూ జిగురుతో అతికి షీటులా చేసింది బాండెడ్ లెదర్. రెక్సిన్ తోలే కాదు, గుడ్డ మీద పూత పూసిన సరుకు. అంచున చిన్న పీచు తీసి కాల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తోలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, రెక్సిన్ ప్లాస్టిక్ వాసనతో కరుగుతుంది. ఈ పరీక్షకు పీచు చాలు. క్రోమ్ తోలు తుక్కును మాత్రం కుప్ప పోసి తగలబెట్టకండి. ఆ మంటలో మూడు సంయోజకత క్రోమియం ఆరు సంయోజకత రూపంలోకి మారవచ్చు, ఆ రూపం క్యాన్సర్ కారకం.

ఆరె, రంపె, గూటం

చెప్పులు కుట్టేవారి సూదిమొన పనిముట్టు ఆరె. తోలు కోయడానికీ, అంచును పలచగా చెక్కడానికీ వాడే వెడల్పాటి కత్తి రంపె. కొట్టడానికి కొయ్య గూటం. హాబీ దుకాణాల్లో ఇవే పనిముట్లకు ఇంగ్లిషు పేర్లూ ఎక్కువ ధరలూ ఉంటాయి. మొదటి నెలకు కావాల్సినవి కొద్దే. పదునైన కత్తి, స్టీలు స్కేలు, కింద పరచుకునే కటింగ్ మ్యాట్, ఒక ఆరె, వరసగా రంధ్రాలు గుచ్చే పళ్ల పంచ్, మొన మొద్దుగా ఉన్న రెండు సూదులు, మైనం పట్టించిన దారం, గూటం. పళ్ల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు ఉన్న పంచ్ కొనండి. 3 మిల్లీమీటర్లది అందంగా కనిపిస్తుంది గానీ కొత్త చేతికి ఓపిక చాలదు.

మొద్దు కత్తి పదునైన కత్తి కన్నా ప్రమాదం. అది తోలు మీద జారుతుంది, జారితే స్కేలు పట్టిన ఎడమచేతి వేళ్ల మీదికే వస్తుంది. బ్లేడు మార్చడానికి వెనకాడవద్దు. రసాయన జిగురు వాడితే కిటికీ తెరిచి ఉంచండి.

రెండు సూదుల కుట్టు

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మెషీను కుట్టులో పై దారం ఒకటి, కింది దారం ఒకటి. రెండూ తోలు మందం మధ్యలో ఒకదానికొకటి కొక్కెం వేసుకుంటాయి. ఒక చోట తెగితే ఆ కొక్కెం వదిలి, లాగినకొద్దీ కుట్టు ఊడుతూ వస్తుంది. చేత్తో వేసే జీను కుట్టులో దారం ఒక్కటే, సూదులు రెండు, దారం రెండు కొసలకూ చెరొకటి. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటతాయి. ప్రతి కుట్టు దగ్గరా తోలుకు రెండు వైపులా దారం ఉంటుంది. ఒక వైపు అరిగి తెగినా రెండో వైపు దారం పట్టుకునే ఉంటుంది. గుర్రపు జీన్లు ఇలా కుట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

పద్ధతి ఇది. అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల గీత గీయండి. గీత వెంట పంచ్‌తో రంధ్రాలు కొట్టండి. రెండోసారి పంచ్ పెట్టేటప్పుడు మొదటి పన్ను వెనక కొట్టిన ఆఖరి రంధ్రంలోనే పెడితే దూరం తప్పదు. కుట్టాల్సిన పొడవుకు మూడున్నర, నాలుగు రెట్ల దారం తీసుకోండి. 20 సెంటీమీటర్ల కుట్టుకు 80 సెంటీమీటర్లు ఉంటే నిశ్చింత. మొదటి రంధ్రంలో దారం దూర్చి రెండు వైపులా సమానంగా చూసుకోండి. ఆపైన ప్రతి రంధ్రంలోనూ ఒకే చేతి సూది ముందు, రెండో చేతి సూది తర్వాత. మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగి పట్టుకుని రెండో సూది దూర్చాలి, లేకుంటే సూది మొన దారాన్ని చీల్చుతుంది. రెండు చేతులూ ఒకే బలంతో లాగాలి. చివర్లో రెండు మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి దారం కత్తిరించండి. పాలియెస్టర్ దారమైతే కొసను చిన్న మంటకు చూపితే కరిగి అతుక్కుంటుంది.

క్రమం తప్పితే ఏమవుతుందో నా తొలి పర్సు చెబుతుంది. ఏడో రంధ్రంలో సూదుల వరస మారింది, అక్కడి నుంచి కుట్లు వాలు తప్పి అడ్డదిడ్డంగా పోయాయి. మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఇక్కడ మీ మనసు వేరే చోటికి పోయింది" అన్నారు. ఏడో కుట్టు మీదే ఆయన వేలు ఉంది.

ఆయన పద్ధతి వేరు. కొక్కెం ఉన్న ఆరెను దూర్చి, అవతలి దారాన్ని లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారాన్ని పోనిస్తారు. తెగిన చెప్పు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి రెండు నిమిషాల్లో కుట్టి ఇవ్వాలంటే అదే సరైన కుట్టు. తీరిక ఉన్నవాడి కుట్టు, కడుపు కోసం కుట్టేవాడి కుట్టు ఒకటి కావు. ఆయన వేగం చూశాక మన కుట్టే గొప్పదని అనలేం.

ముద్ర, రంగు, నల్లమచ్చ

ముద్రలు కొట్టాలంటే తోలును తడిగుడ్డతో తుడిచి కాసేపు వదిలేయండి. ముదురుగా మారిన రంగు మళ్లీ అసలు రంగుకు తిరుగుతుంది, చెంపకు ఆనిస్తే మాత్రం చల్లగానే ఉంటుంది. కొట్టాల్సిన సమయం అదే. తడి ఎక్కువైతే ముద్ర చెదిరిపోతుంది, ఆరిపోతే దిగదు. అంచును కాస్త గుండ్రంగా చెక్కి, తడిచేసి, నునుపైన కొయ్యతో వేడి పుట్టేదాకా రుద్దితే పోగులు అణిగి మెరుపొస్తుంది. ఆపైన తేనెమైనం.

ఇక స్టీలు స్కేలు మచ్చ సంగతి. తడి తోలులోని టానిన్‌కు ఇనుము తగిలితే నల్లని ఐరన్ టానేట్ ఏర్పడుతుంది. కరక్కాయతో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి పూర్వం సిరా చేసిన రసాయనం ఇదే. శ్రీకాళహస్తి కలంకారీలోనూ ఇదే. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీటిలో పులియబెట్టిన కసిమితో గీత గీస్తే ఆ గీత నల్లబడుతుంది. కలంకారీ కలానికీ నా పర్సు మీది మచ్చకూ చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు నిజంగా ఆనందం కలిగింది. నిమ్మరసం పూస్తే లేత మచ్చలు చాలావరకు పోతాయి. చెట్ల టానిన్ల తోలా, క్రోమ్ తోలా అని తేల్చుకోవడానికీ ఇనుము తగిలితే నల్లబడే ఈ గుణమే పనికొస్తుంది.

తోలుబొమ్మ వేరు

తోలుబొమ్మ కూడా తోలేగా అనుకుని జవాబు తప్పు రాసేవారుంటారు. తోలుబొమ్మలాటకు వాడేది ముఖ్యంగా మేక చర్మం. దాన్ని తంగేడు కషాయంలో ఊరబెట్టరు. వెంట్రుకలు తీసి, గీకి, సాగదీసి ఆరబెడతారు. అందుకే దాని గుండా వెలుగు దాటి తెర మీద రంగులు పడతాయి. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంట ఈ కళకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ విద్య ఎవరిది?

తెలుగునాట ఈ పని మాదిగల భుజాల మీద నడిచింది. చనిపోయిన పశువును మోసుకుపోయినవారు, ఒలిచినవారు, లంద నడిపినవారు, వ్యవసాయానికి మోటనూ వార్లనూ ఇచ్చినవారు, డప్పు మూసినవారు వాళ్లే. ఆ మోటతో పారిన నీటితో పండిన ధాన్యం ఊరంతా తిన్నది. నీళ్లు తోడిన తోలు ఊరికి అంటు కాలేదు, తోలు చేసిన మనిషి అంటయ్యాడు. సున్నం పాలు ఎంత, కషాయం చిక్కదనం ఎంత, ఎన్నాళ్లు నానాలి అన్న లెక్కలన్నీ చేతి స్పర్శతో తెలిసిన ఆ మనుషులు మన తొలి ప్రయోగశాల రసాయనవేత్తలు. వారిని వాడకు నెట్టడం మన సమాజం చేసిన నేరం. మన తిట్లలోనూ ఆ నేరం మిగిలే ఉంది, తోలు అన్న మాట ఎన్ని తిట్లలో ఉందో లెక్కపెట్టి చూడండి.

గుర్రం జాషువ 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో నాయకుడు చర్మకార కుటుంబానికి చెందిన అరుంధతీ సుతుడు. తంజావూరు ప్రాంతంలో ఉంటూ, గుడిలోకి తనకు ప్రవేశం లేదు కాబట్టి గబ్బిలం ద్వారా శివుడికి తన బాధ చెప్పిపంపుతాడు. 28 సెప్టెంబరు 1895న వినుకొండలో పుట్టిన జాషువ కాళిదాసు మేఘసందేశపు చట్రాన్ని తీసుకుని అందులో అంటరానితనాన్ని నిలదీశారు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా ఉన్నవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ఈ పనిని ఇష్టపడి నేర్చుకున్నవారూ ఉన్నారు. గాంధీ 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారం నెలకొల్పారు. ఆయన మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ మేరియన్‌హిల్‌లోని ట్రాపిస్ట్ మఠంలో చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చి గాంధీకి నేర్పాడు. గాంధీ తాను కుట్టిన చెప్పుల జతను 1914లో అక్కడి మంత్రి జనరల్ స్మట్స్‌కు పంపారు. స్మట్స్ వాటిని ఏళ్ల తరబడి తొడిగి, 1939లో గాంధీ 70వ పుట్టినరోజు సందర్భంగా తిరిగి పంపించాడు. ఒక బారిస్టరు ఇష్టపడి చెప్పులు కుట్టినప్పుడు అది చరిత్రలో చేరింది. పుట్టుకతో కుట్టక తప్పనివారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. హాబీగా తోలు పట్టుకునే మనమంతా ఈ తేడా ఎరిగి పట్టుకోవాలి.

చట్టాల సంగతి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం నేడు పౌరహక్కుల పరిరక్షణ చట్టం. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీల చేత మనుషుల లేదా పశువుల కళేబరాలను మోయించడం, పారవేయించడం, సమాధి గోతులు తవ్వించడం నేరాల జాబితాలో చేరాయి. ఆ సవరణ 26 జనవరి 2016న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జులైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదని ఆ ఘటన చెబుతుంది.

యలవర్తి నాయుడమ్మ

నాటి గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో 10 సెప్టెంబరు 1922న పుట్టిన నాయుడమ్మ, నలుగురూ చిన్నచూపు చూసే తోలునే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. చెన్నై అడయారులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 1948లో ఏర్పడింది. నాయుడమ్మ 1958 నుంచి 1971 వరకు దానికి డైరెక్టరు. 1971లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాది శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ అయ్యారు, 1977 వరకు ఆ పదవిలో ఉన్నారు. ప్రయోగశాలల విద్యను పల్లెకు చేర్చాలన్న ఆయన పట్టుదలతో ఆ మండలి కరీంనగర్ జిల్లాను ఎంచుకుని పనిచేసింది. తర్వాత ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 23 జూన్ 1985న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో మరణించిన 329 మందిలో ఆయన ఒకరు. మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఇంకా పెద్ద చోటు దక్కాలి.

పాలారు చెప్పిన పాఠం

క్రోమ్ పదునుకు మూల్యం నదులు చెల్లించాయి. తమిళనాడులో రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు తోళ్ల కర్మాగారాల వ్యర్థాలు పాలారు నదినీ బావులనూ పాడుచేశాయి. వెల్లూర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో 1996లో సుప్రీంకోర్టు, ముందు జాగ్రత్త సూత్రం, కాలుష్యకారకుడే చెల్లించాలన్న సూత్రం రెండూ మన దేశ చట్టంలో భాగమని తేల్చింది. అంతకు ముందు 1987లో ఎం.సి. మెహతా కేసులో, గంగ ఒడ్డున కాన్పూరులో ప్రాథమిక శుద్ధి ప్లాంటు పెట్టని తోళ్ల కర్మాగారాలు నడవడానికి వీల్లేదని ఆదేశించింది. పాలారు అంటే 1996, గంగ అంటే 1987.

గుర్తింపులు, పథకాలు

తమిళనాడు నుంచి ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) లెదర్, పశ్చిమబెంగాల్ నుంచి శాంతినికేతన్ తోలు వస్తువులు, ఉత్తరప్రదేశ్ నుంచి కాన్పూరు జీన్లు భౌగోళిక గుర్తింపు పొందాయి. కొల్హాపురి చెప్పులకు 2019లో వచ్చిన గుర్తింపు మహారాష్ట్ర, కర్ణాటక రెండింటిదీ. కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, షోలాపూర్ ఒక వైపు, బెళగావి, బాగల్‌కోట్, ధార్వాడ్, విజయపుర మరో వైపు. 2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో ఇలాంటి చెప్పులే చూపి, విమర్శలు వచ్చాక వాటి వెనక భారతీయ సంప్రదాయం ఉందని ఒప్పుకుంది.

పీఎం విశ్వకర్మ పథకం 17 సెప్టెంబరు 2023న ప్రారంభమైంది. 18 వృత్తుల్లో చర్మకార వృత్తి ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000, రెండు విడతల్లో రూ.3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. హైదరాబాద్ రాయదుర్గంలోని ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో ఈ రంగంలో డిగ్రీ చదవవచ్చు. ఆ సంస్థకు 2017 చట్టంతో జాతీయ ప్రాముఖ్య హోదా వచ్చింది.

ఇలా అడగవచ్చు

"తడిపిన తోలు మీద ముద్ర నిలవడానికి ఏ పదును అనువైనది?" జవాబు చెట్ల టానిన్లతో చేసినది. క్రోమ్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది కాబట్టి అదే అన్నిటికీ మేలన్న ఐచ్ఛికం ఉచ్చు.

"కొల్హాపురి చెప్పులకు భౌగోళిక గుర్తింపు మహారాష్ట్రకు మాత్రమే చెందింది" అని వాక్యం ఇస్తే అది తప్పు. ఊరి పేరు చూసి తొందరపడి ఒప్పని పెట్టేస్తారు.

"కొలాజెన్ త్రివళిక నమూనాను ప్రతిపాదించినవారు, కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ డైరెక్టరు" అని జతపరచమంటే రామచంద్రన్, నాయుడమ్మ. ఇద్దరూ 1922లోనే పుట్టారు, ఇద్దరి కార్యక్షేత్రమూ మద్రాసే, అందుకే కలగాపులగం అవుతారు.

మెయిన్స్‌లో "సంప్రదాయ వృత్తులు, సామాజిక న్యాయం, పర్యావరణం మధ్య సంబంధాన్ని ఒక ఉదాహరణతో చర్చించండి" అని వస్తే తోలును మించిన ఉదాహరణ నాకు తోచదు. లంద, 17వ అధికరణం, 2015 సవరణ, వెల్లూరు తీర్పు, విశ్వకర్మ పథకం, ఈ వరసలో రాస్తే జవాబు నడక దానంతట అదే కుదురుతుంది.

తొలి ముక్క కొనేముందు

ఆన్‌లైన్‌లో పనిముట్ల పెట్టె తెప్పించుకోకముందే మీ వీధి మలుపులో గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి వెళ్లండి. ఆరె ఎలా పట్టాలో, రంపెను రాతి మీద ఎలా నూరాలో అడిగి నేర్చుకోండి. ఒక పూట ఆయన పక్కన కూర్చోండి. లేచి వచ్చేటప్పుడు ఆ పూట కూలి ఆయన చేతిలో పెట్టండి.